పైన మూడు కట్టలు

చందుర్తి పక్క ఊళ్లో లసుమవ్వ అనే ఒకామె బీడీలు చేసేది. వాడకట్టులో ఆమెను ఇష్టపడే మనిషి లేడు. ఆమెకు కూడా ఎవరి మీదా పెద్ద ప్రేమ లేదు. పలకరిస్తే పలికేది, పలకరించకపోతే ఊరుకునేది. కానీ కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే ముత్యం ఆమె చాట ముందు పెడితే లెక్క కూడా పెట్టేవాడు కాదు. తక్కినవాళ్ల కట్టలు విప్పి, ఒక్కొక్క బీడీ నొక్కి చూసి, వదులుగా ఉన్నవి పక్కకు పారేసేవాడు. లసుమవ్వవి చూడకుండానే బుట్టలో వేసేవాడు. ఇరవై ఏళ్లలో ఆమెవి ఒక్క కట్ట కూడా వాపసు రాలేదు.

బీడీ పని తెలియని వాళ్లకు అది వేళ్లతో చేసే చిన్న పనిలా కనిపిస్తుంది. తునికాకు తడిపి, ఆరీ ఆరని అదును చూసి కత్తిరించాలి. తంబాకు ఎక్కువైతే ఆకు పగులుతుంది, తక్కువైతే పీల్చేవాడికి గాలి తప్ప ఏమీ రాదు. మూతి మడిచి, దారం చుట్టి, ఇరవై ఐదింటిని ఒక కట్ట కట్టాలి. ఎవరి చెయ్యి వాళ్లది. సంతకం పెట్టడం రాని ఆడవాళ్లు కూడా తమ కట్టను వంద కట్టల్లో గుర్తుపడతారు. లసుమవ్వ అయితే తనదే కాదు, వాడకట్టులో ప్రతి మనిషి కట్టనూ గుర్తుపట్టేది.

మగడు లచ్చయ్య పోయిన ఏడు ఆమె ప్రార్థన మందిరానికి వెళ్లడం మొదలుపెట్టింది. చదువు లేదు. బీడీ కట్టల మీద అంటించే కాగితాల్లో అక్షరాలు పోల్చుకొని, మందిరంలో ఇచ్చిన బైబిలుతో వాటిని కలుపుకొని, మూడేళ్లకు చదవడం నేర్చుకుంది. వేలు పెట్టి చదివేది. ఒక వాక్యం దాటడానికి ఒక పూట పట్టేది గనుక, దాటిన వాక్యాన్ని మళ్లీ మరిచిపోయేది కాదు. పాస్టర్ ప్రభుదాస్ పేజీలకు పేజీలు గడగడా అప్పజెప్పేవాడు. లసుమవ్వ అలా చదవలేదు. కానీ చదివింది చేయాలని మాత్రం అనుకునేది. ఇరవై ఐదు అని కాగితం అంటిస్తే లోపల ఇరవై ఐదు ఉండాలి కదా, ఇదీ అంతే అని ఆమె లెక్క.

ఆమె ప్రార్థన కూడా పనితోనే నడిచేది. ఒక కట్ట మొదలుపెట్టేటప్పుడు ఒక మనిషి పేరు అనుకునేది. కట్ట ముడివేసే దాకా ఆ మనిషి కోసం ప్రార్థన. జ్వరమొచ్చిన వాళ్లు, దుబాయి పోయిన వాళ్లు, కార్ఖానా ముత్యం, తాగి పడిపోయే వాళ్లు, అందరి పేర్లూ వచ్చేవి. ఇష్టం లేని మనుషుల కోసం కూడా ప్రార్థించమని గ్రంథంలో ఉంది గనుక ఆమెకు పేర్ల కరువు ఉండేది కాదు. రోజుకు ఒక కట్ట దగ్గర మాత్రం దారం పుటుక్కున తెగేది. అది నర్సవ్వ పేరు పెట్టిన కట్ట.

నర్సవ్వ ఆమె యారాలు. లచ్చయ్య తమ్ముడి భార్య. గోడకు అటు నర్సవ్వ, ఇటు లసుమవ్వ. ఇద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు.

జరిగింది ఇదీ. మా వైపు బీడీలు చేసే ఇళ్లల్లో పిల్లను చూడడానికి వచ్చినవాళ్లు పిల్ల ముఖం ఎంత చూస్తారో, పిల్ల చాట కూడా అంతే చూస్తారు. నర్సవ్వ బిడ్డ శ్రీజను చూడడానికి కోనరావుపేట నుంచి లక్ష్మవ్వ అనే ఆమె, కొడుకును తీసుకొని వస్తున్నదని కబురు వచ్చింది. లక్ష్మవ్వ కూడా బీడీల మనిషే. ఆ పొద్దున నర్సవ్వ గోడ మీదుగా చేయి చాచి, కార్ఖానాకు లెక్క తక్కువ పడింది, మూడు కట్టలు బదులు ఇయ్యమని అడిగింది. అట్లా ఇచ్చిపుచ్చుకోవడం వాడకట్టులో మామూలే. లసుమవ్వ ఇచ్చింది.

మధ్యాహ్నం చుట్టాలు వచ్చారు. ఇంటికి పెద్ద గనుక లసుమవ్వనూ కూర్చోబెట్టారు. శ్రీజ చాట తెచ్చి ముందు పెట్టింది. లక్ష్మవ్వ పై కట్ట తీసింది. మూతులు చూసింది, అడుగు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. చెయ్యంటే ఇట్లా ఉండాలి అని మెచ్చుకుంది. ఈ పని నువ్వే నేర్పినవా అని లసుమవ్వ వైపు తిరిగింది.

లసుమవ్వ నవ్వింది. "గవి నేను చేసినయే గదా," అన్నది.

లక్ష్మవ్వ కట్టను చాటలో పెట్టేసింది. రెండో కట్ట ముట్టలేదు. చాయ్ తాగకుండానే లేచారు. తల్లి మోసగత్తె, పిల్లకు పని రాదు అన్న మాట వాళ్లతో పాటే ఊరు దాటింది. తర్వాత రెండు సంబంధాలు వాకిలి దాకా రాకుండానే తిరిగిపోయాయి. శ్రీజ చాట పక్కన పడేసి, సిరిసిల్లలో మేనమామ ఇంట్లో ఉండి సాంచాల షెడ్డులో మరమగ్గాలకు కండెలు చుట్టే పనికి వెళ్లిపోయింది.

చుట్టాలు లేచిపోయిన వారమే ప్రభుదాస్ మందిరంలో లసుమవ్వను లేపి సాక్ష్యం చెప్పించాడు. సొంత ఇంటి పిల్ల సంబంధమైనా సరే అబద్ధం ఆడని విశ్వాసి అని చేతులు ఎత్తి స్తోత్రం చెప్పించాడు. మందిరానికి మైకు ఉంది. గోడ అవతల నర్సవ్వ అన్నం వండుతూ అంతా విన్నది.

ఆ మరుసటి నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, క్రీస్తును తలచుకొని అందరూ రొట్టె పంచుకునే రోజు. రొట్టె పళ్లెం లసుమవ్వ దాకా వచ్చింది. చేయి చాచబోయి ఆగింది. నీ మీద ఎవరికైనా విరోధం ఉంటే నీ కానుక అక్కడే విడిచిపెట్టి, ముందు వెళ్లి సమాధానపడమని చెప్పే మాట ముందు రాత్రే వేలు పెట్టి చదివి ఉంది. నర్సవ్వకు విరోధం ఉంది. ఆమె పళ్లెం పక్కామెకు అందించింది. నువ్వు చేసింది న్యాయమే కదా, తీసుకో అని ప్రభుదాస్ తర్వాత మందలించాడు. న్యాయం ఎవరిదైనా విరోధం ఉన్నది కదా అని ఆమె అన్నది. మందిరంలో అన్నదమ్ములు పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకొని కూడా ఆదివారం పక్కపక్కన కూర్చొని రొట్టె తినేవాళ్లు. అది వాళ్ల సంగతి.

ఆ సాయంత్రమే నర్సవ్వ గడపకు వెళ్లింది. నేను తప్పేం చేయలేదు, అయినా మాట్లాడుకుందాం అన్నది. ఈ తప్పేం చేయలేదన్న ముక్కను మూడుసార్లు అన్నది. మూడోసారికి నర్సవ్వ అంట్ల నీళ్లు గడప మీదే కుమ్మరించింది. లసుమవ్వ తడిసిన కాళ్లతో తిరిగి వచ్చింది. అప్పటి నుంచి నాలుగేళ్లు, ప్రతి నెలా పళ్లెం వచ్చింది, పోయింది. ఆ పొద్దు ఇంటికి వచ్చి ఆమె అన్నం తినేది కాదు. దేవుడు ఎదురుగా కూర్చున్నట్టే ఉండి, మధ్యలో ఎవరో చాపను అడ్డం పెట్టినట్టు ఉండేది. ఆమె ప్రార్థనంతా పంచాయతీలో వాదనలా మారిపోయింది. నిజం చెప్పమన్నది నువ్వే, చెప్పిన, మరి నాకెందుకీ శిక్ష అని అడిగేది. దేవుడు తీర్పు చెప్పలేదు.

రెండు వేల పదకొండులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, కార్ఖానాకు ఆకు రావడం నిలిచిపోయింది. బొగ్గు లేక కరెంటు పోయి సిరిసిల్లలో సాంచాలు కూడా ఆగితే శ్రీజ ఇంటికి వచ్చింది. రోడ్డు మీద టెంటు వేసి రోజుకొక సంఘం రిలే దీక్షలో కూర్చునేవాళ్లు. బీడీ కార్మికుల వంతు వచ్చిన రోజు ముత్యం కార్ఖానా రిజిస్టరు చూసి పేర్లు చదివాడు. రిజిస్టరులో ఇళ్ల వరస. లసుమవ్వ తర్వాత నర్సవ్వ. ఇద్దరికీ ఒకే చాప.

టెంటులో ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. ఇంక తెలంగాణ వచ్చినట్టేనని ఎవరో అంటే అందరూ కిసకిసా నవ్వారు. మెడలో దండలు వేశారు. మైకులో ఒకాయన గంటన్నర మాట్లాడాడు. ఆయన పోయాక ఇంకొకాయన వచ్చి అవే మాటలు మాట్లాడాడు. చేతిలో పని లేకుండా పొద్దంతా కూర్చోవడం బీడీల ఆడవాళ్లకు ఆకలి కన్నా కష్టం. వేళ్లు ఊరికే కదులుతుంటాయి. నర్సవ్వ లసుమవ్వకు వీపు పెట్టి కూర్చుంది. మాట్లాడేది అవతలామెతో, మాట తగలాల్సింది ఇవతల. దేవుణ్ణి మార్చుకున్నోళ్లకు అబద్ధం నోట రాదట, కొంపలు కూల్చుడు మాత్రం వస్తదట అన్నది. ఆమెన్ లసుమవ్వ దీక్ష చేస్తే పుణ్యం ఏ దేవుని ఖాతాలో పడుతుందో అన్నది. లసుమవ్వ ఓర్చుకుంది. ఓర్చుకోవడం ఆమెకు అలవాటు లేదు.

మధ్యాహ్నం దాటాక మైకు ఆగింది. చాలామంది కండువా ముఖం మీద వేసుకొని ఒరిగారు. శ్రీజ బిందెతో నీళ్లు తెచ్చి వరసగా పోస్తోంది. నాలుగు రోజుల్లో మళ్లీ మొదటి ఆదివారం. ఇంత దగ్గరగా మళ్లీ ఎన్నడు కూర్చుంటామో అనుకొని లసుమవ్వ మెల్లగా నోరు విప్పింది. నర్సా, నన్ను మాఫ్ చెయ్యి అన్నది.

నర్సవ్వ తల తిప్పకుండానే అడిగింది. "దేనికి?"

నీకు బాధైంది గనుక అన్నది లసుమవ్వ. నేను నిజమే చెప్పిన, గాని నీకు బాధైంది కదా అన్నది.

అప్పుడు నర్సవ్వ ఇటు తిరిగింది. నాలుగేళ్లలో ఆమె ముఖం అంత దగ్గరగా చూడడం లసుమవ్వకు అదే మొదలు.

"నువ్వు నాకోసం అస్తలేవు. మీ గుళ్లె గా రొట్టె తినాలని అచ్చినవ్. నీకు రొట్టె అందుతలేదని నా కాళ్ల కాడికి అచ్చినవ్. నేనేమన్న నీ రొట్టెకు చిట్టీ రాసిచ్చేదాన్నా?"

పక్కన ఒరిగిన వాళ్లు లేచి కూర్చున్నారు. నర్సవ్వ గొంతు పెంచలేదు. అందుకే అందరికీ వినపడింది.

"నిజం చెప్పినవా? సరే. పైన మూడు కట్టలు నీయి. బుద్ధి తక్కువై నేనే పెట్టిన. కింద పదిహేను కట్టలుండె. గవి ఎవ్వలియి?"

లసుమవ్వ చూపు చాప మీదికి దిగింది.

"నీకు తెల్వదా? ఊరందరి చెయ్యి ఎరికుంటది నీకు. గవి ఎవ్వలియే?"

తెలుసు. శ్రీజది ఎడమచేతి వాటం. దారం అందరికీ ఒక వైపు తిరిగితే ఆ పిల్లకు ఇంకో వైపు తిరుగుతుంది. పదేళ్ల వయసులో ఆ పిల్ల వేళ్లు పట్టుకొని, నీకు ఎట్లా వీలైతే అట్లనే తిప్పు, గట్టిగా పడితే చాలు అని నేర్పింది లసుమవ్వే. ఆ రోజు చాట ముందుకు రాగానే ఆమె చూపు పైన ఆగలేదు. కింది వరస మీద పడింది. పదిహేను కట్టలు, ఎడమవైపు ముడి, గట్టిగా ఉన్నాయి. మంచి పని. అన్నీ కంటి ముందు ఉన్నాయి. తన కట్టను వేరొకరిదని మెచ్చుకుంటుంటే ఆగలేకపోయింది. నోట్లోంచి మూడు కట్టల మాట వచ్చింది. పదిహేను కట్టల మాట రాలేదు.

ఇదంతా ఆమెకు కొత్తగా తెలియలేదు. తెలిసే ఉంది. నాలుగేళ్లు దేవుడి ముందు వాదన పెట్టినప్పుడల్లా ఈ ముక్కను చెంగు కింద పెట్టుకొనే పెట్టింది.

శ్రీజ బిందె పట్టుకొని అక్కడే నిలబడి ఉంది. లసుమవ్వ ఆమె వైపు చూసింది. "కిందియి నీయని నాకు తెలుసు బిడ్డా," అన్నది.

"నీకు తెలుసని నాకు గూడ తెలుసు పెద్దమ్మా."

"మరి గప్పుడే అడుగకపోతివి."

"నువ్వు నవ్వుతుంటివి," అన్నది శ్రీజ. కోపంగా అనలేదు. గ్లాసు నింపి ఇచ్చింది. "గిది నాకు చెప్తే ఏమొస్తది? మాకు తెల్వనిదా? తెల్వనోళ్లు వేరే ఉన్నరు."

నర్సవ్వ మళ్లీ వీపు తిప్పింది. సాయంత్రం నాయకులు వచ్చి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. జై తెలంగాణ అని నినాదాలు ఇచ్చారు. ఫొటో తీసేటప్పుడు ఇద్దరినీ దగ్గరికి జరగమంటే జరగలేదు.

ఆ సాయంత్రం లసుమవ్వ ప్రార్థనకు మోకరించింది. వాదన మొదలుపెట్టబోతే మాట రాలేదు. గ్రంథం తెరిచింది. అక్షరాల మీద వేలు పెట్టింది గాని వేలు కదలలేదు. చివరికి, మూడు చెప్పిన, పదిహేను చెప్పలే అని మాత్రం అన్నది. స్తోత్రం లేదు, ఆమెన్ లేదు. అంతకు ముందు నాలుగేళ్లలో ఆమె అంత చిన్న ప్రార్థన చేయలేదు.

తెల్లారి కొంగులో రెండు జొన్న రొట్టెలు కట్టుకొని బయలుదేరింది. మందిరం ముందు ప్రభుదాస్ ఎదురయ్యాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. బస్సుల్లేవు, ఆటోలు బంద్, ఆ పిలగాడికి పెళ్లి కూడా అయిపోయింది, ఇప్పుడు పోయి ఏం లాభం అన్నాడు. దేవుని దగ్గర ఒప్పుకున్నావు, అది చాలు, ఆదివారం నిర్భయంగా బల్లకు రా అన్నాడు. దాని మీద రెండు వాక్యాలు కూడా చెప్పాడు.

"దేవునికి మొదలే ఎరికనే గదా అయ్యగారూ," అన్నది లసుమవ్వ. "లక్ష్మవ్వకే తెల్వది."

అడ్డదారిన నడిచింది. ఒకచోట రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి వంటావార్పు చేస్తున్న పిలగాండ్లు ఆపి, సమ్మె నడుస్తుంటే పనికి పోతున్నవా అని గద్దించారు. పనికి కాదన్నది. మరి ఎందుకంటే చెప్పలేదు. ముసలిదానికి పొగరు ఎక్కువ అని ఒకడు అన్నాడు. ఆమెకు యాభై రెండేళ్లే. ఆ మాట మాత్రం వాడికి చెప్పి ముందుకు సాగింది.

కోనరావుపేట చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. లక్ష్మవ్వ ఇంటి అరుగు మీద చిన్న వయసు ఆమె ఒకతె, కోడలు కావచ్చు, పాత ఆకుతో బీడీలు చేస్తోంది. లక్ష్మవ్వ గుర్తుపట్టి ముఖం ముడుచుకుంది. కూర్చోమనలేదు. శ్రీజ చాట సంగతి అని లసుమవ్వ అనగానే కోడలి కత్తెర ఆగింది. లసుమవ్వ అది చూసింది. నోటి దాకా వచ్చిన మాట మింగి, కొంచెం రోడ్డు మీదికి రా, ఇక్కడ కాదు అన్నది. లక్ష్మవ్వ అనుమానంగానే వచ్చింది.

విద్యుత్ స్తంభం పక్కన నిలబడి లసుమవ్వ చెప్పింది. పైన ఉన్నవి మూడే తనవి, కిందివన్నీ ఆ పిల్లవే, అవి కూడా మంచి కట్టలే, ఆ రోజు తెలిసే ఊరుకున్నాను అని చెప్పింది. ఎందుకు ఊరుకున్నవంటే, నా చెయ్యిని ఇంకొకళ్లదంటే ఓర్వలేదు అన్నది. ఈ ముక్క చెప్పేటప్పుడు చెవులు కాలిపోయాయి.

లక్ష్మవ్వకు కోపం వచ్చింది. "నాలుగేండ్లకు యాదికొచ్చిందా నీకు? నా కొడుక్కు ఇద్దరు పిల్లలు. గిప్పుడు నేనేం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. తల్లి మోసం చేసిందని నువ్వన్న కాడల్ల, పిల్లకు పని అస్తదని గూడ అను."

"నువ్వు జెప్తే అనాల్నా?"

"అనకపోతే నీ ఇష్టం. నేను జెప్పిన."

నీళ్లు తాగుమని కూడా లక్ష్మవ్వ అనలేదు. లసుమవ్వ బోరింగు దగ్గర రొట్టె తిని, నీళ్లు తాగి, వెనక్కి నడిచింది. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. కుడి మడమ పగిలి చెప్పులోకి నెత్తురు దిగింది. దేవుడు దగ్గరికి వచ్చినట్టు ఆమెకేమీ అనిపించలేదు. కాళ్ల నొప్పులు మాత్రం తెలిశాయి.

శుక్రవారం పోయింది. శనివారం పొద్దు వాలుతుండగా లసుమవ్వ గోడ పక్కన కూర్చొని మడమకు పసుపు పెట్టుకుంటోంది. గోడ అవతల చీపురు చప్పుడు ఆగింది.

"లక్ష్మవ్వ ఫోన్ చేసింది," అన్నది నర్సవ్వ గొంతు. గోడతో మాట్లాడుతున్నట్టే ఉంది. "సిరిసిల్లల మా అన్నకు చేసి చెప్పిందట."

లసుమవ్వ ఊ అన్నది.

"నడిచి పోయినవా?"

"నడిచే."

"పోను, రాను?"

"ఆ."

"పిచ్చిదానివి," అన్నది నర్సవ్వ. చీపురు మళ్లీ మొదలైంది. కావాలనే దుమ్ము ఇటు చిమ్మినట్టుగా, గట్టిగా ఊడ్చింది.

ఆదివారం పళ్లెం వరసలో వచ్చింది. నాలుగేళ్ల అలవాటుకొద్దీ పక్కామె లసుమవ్వను దాటించి అవతలికి చేయి చాచింది. లసుమవ్వ మధ్యలోనే పళ్లెం పట్టుకుంది. ప్రభుదాస్ చదువుతున్నవాడు ఒక్క క్షణం ఆగాడు. నర్సవ్వ మాఫ్ చేసిందని ఆమె అనుకోలేదు. చేయలేదు కూడా. ఆ తర్వాత కూడా ఆ ఇద్దరూ కొట్లాడుకుంటూనే ఉన్నారు, కోడిపిల్లల కోసం, మోరీ నీళ్ల కోసం. కానీ అవి ఎదురెదురుగా నిలబడి, పేర్లు పెట్టి తిట్టుకున్న కొట్లాటలు. విరోధంతో నోరు మూసుకోవడం అన్నది ఆ శనివారంతో అయిపోయింది.

రొట్టె ముక్క చిన్నది. తంబాకు వాసన వదలని వేళ్లతో తుంచుకొని నోట్లో పెట్టుకుంది. పళ్లెం పక్కామెకు అందించి, తల వంచుకొని కూర్చుంది.